చంద్రమతికి చప్పట్లు, సంతకం మాత్రం హరిశ్చంద్రుడిది

అమెరికా ఆడవాళ్ళకి సంసారమంటే లెక్కలేదని, అక్కడ తల్లీ బిడ్డా అనే పాశమే వుండదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. పేరంటాల్లో, పెళ్ళి పందిళ్ళలో, బస్సులో పక్కసీటు పెద్దావిడ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. "ఎంతైనా మన తల్లులు వేరమ్మా, త్యాగమూర్తులు" అని చివర ముక్తాయింపు ఒకటి. ఇవాళ గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో అమెరికాలో కొడుకో, కూతురో, కనీసం మేనల్లుడో లేని వీధి వెతికినా దొరకదు. అయినా ఈ అభిప్రాయం మాత్రం చెక్కు చెదరలేదు.

నాకు ఈ మాటతో రెండు తగాదాలున్నాయి. ఒకటి, అది నిజం కాదు. రెండోది, ఆ "త్యాగమూర్తి" అనే బిరుదు మనకిచ్చిన గౌరవం కాదు, మన కూలి ఎగ్గొట్టడానికి కనిపెట్టిన ఉపాయం.

మొదటిదానికి సాక్ష్యం ఆ దేశపు నాటకాల్లోనే వుంది. గొప్పవని పేరుపడ్డ అమెరికా నాటకాలు తీసి చూడండి. ఇంట్లో డబ్బు వుండదు, మగవాడి నడుం విరిగివుంటుంది, పిల్లలు తలోదారీ పడుతుంటారు. మధ్యలో ఒక అమ్మ నిలబడి వుంటుంది, పాకకి వేసిన నిట్రాడులాగా. 1944లో మొదటిసారి ఆడిన టెనెసీ విలియమ్స్ నాటకం "ది గ్లాస్ మెనాజరీ"లో అమాండా అనే తల్లిని మొగుడు వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. కూతురికి కాలు కాస్త అవుడు. కొడుకు చెప్పుల గోదాములో గుమాస్తా. ఆవిడ టెలిఫోన్ పట్టుకుని తెలిసినవాళ్ళందరికీ పత్రికల చందాలు అంటగడుతూ, కూతురికి పెళ్ళి సంబంధం కోసం వెంపర్లాడుతూ వుంటుంది. ఆ నస, ఆ ఆరాటం, ఒకప్పుడు మా పుట్టింట్లో ఎంత వైభోగమో అంటూ చెప్పుకునే గొప్పలు, ఇవన్నీ వింటుంటే అచ్చం నరసరావుపేటలో మన పక్కింటి పిన్నిగారే.

1949లో వచ్చిన ఆర్థర్ మిల్లర్ నాటకం "డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్"లో లిండా వుంది. మొగుడు వూళ్ళు తిరిగి సరుకులమ్మే మనిషి. వయసు మీదపడింది, కంపెనీకి పనికిరాకుండా పోయాడు. ఫ్రిజ్జు వాయిదా ఎంత, కారు మరమ్మతు ఎంత, ఇంటి అప్పు ఎంత, అన్నీ ఆవిడ వేళ్ళమీదే వుంటాయి. చిరిగిన మేజోళ్ళు కుట్టుకుంటూ కూర్చునేదీ ఆవిడే. మొగుడు ప్రాణం తీసుకోవాలనే వూహతో ఒక రబ్బరు గొట్టం దాచుకున్నాడని ఆవిడకి తెలుసు. పగలు దాన్ని తీసేస్తుంది, సాయంత్రం ఆయన ఇంటికొచ్చే వేళకి మళ్ళీ అక్కడే పెట్టేస్తుంది. అదేమని అడిగితే ఆయన మనసు చిన్నబుచ్చుకుంటాడేమోనని! సంసారం మీద మమకారం లేని ఆడదానికి వుండే భయమేనా ఇది?

ఇక మూడోది నాకు చాలా ఇష్టమైనది. 1959లో లొరైన్ హాన్స్‌బెర్రీ రాసిన "ఎ రైజిన్ ఇన్ ద సన్." న్యూయార్కులో బ్రాడ్వే రంగస్థలం ఎక్కిన నాటకాల్లో నల్లజాతి స్త్రీ రాసిన మొట్టమొదటి నాటకం అదే. షికాగోలో ఒక ఇరుకింట్లో మూడు తరాల వాళ్ళు. పెద్దదిక్కు లీనా అనే విధవరాలు. మొగుడు పోతే ఆయన భీమా డబ్బు 10,000 డాలర్లు వచ్చింది. కొడుకేమో సారా దుకాణం పెడతానంటాడు. కూతురు డాక్టరీ చదవాలంటుంది. కోడలు మళ్ళీ నీళ్ళోసుకుంది. లీనా ఎవరినీ అడక్కుండా వెళ్ళి 3,500 డాలర్లు బయానా ఇచ్చి, తెల్లవాళ్ళ పేటలో ఇల్లు బేరం చేసి వస్తుంది.

ఇక్కడ ఒక్కక్షణం ఆగండి. ఆ చెక్కు మీద ఎవరి పేరుంది? లీనా పేరు. బయానా ఎవరిచ్చారు? లీనా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది.

ఇప్పుడు మన రంగస్థలం మీదికి వద్దాం. నాటకాలకి మన ప్రాంతం పుట్టిల్లు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. ఆడవేషానికి దేశమంతా పేరుపడిన స్థానం నరసింహారావుగారు బాపట్ల వారు. తెల్లవార్లూ పందిట్లో చాపలేసుకుని కూర్చుని, పద్యానికి పద్యానికీ "వన్స్‌మోర్" కొట్టే జనం మనం. అటువంటి మన నాటకాల్లో అమ్మ ఏం చేస్తూ వుంటుంది? ఏడుస్తూ వుంటుంది.

బాపట్ల దగ్గర ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి "సత్య హరిశ్చంద్రీయం" వుంది. 1912 నాటిది. మన పల్లెల్లో దాన్ని చూడని ముసలమ్మ వుండదు. నన్నడిగితే అది అప్పుల నాటకం. మొగుడు మాటిచ్చాడు, మాట అప్పైంది, అప్పు వసూలుకి నక్షత్రకుడు వెంటపడ్డాడు. ఇవాళ్టికీ బాకీ కోసం గుమ్మంలో కూర్చునేవాణ్ణి మనం నక్షత్రకుడనే అంటాం కదా! చివరికి ఆ అప్పు కింద మొదట జమైనది ఎవరు? చంద్రమతి. కాశీ వీధిలో కాలకౌశికుడికి అమ్ముడుపోయి అంట్లు తోమింది ఆవిడ. పాము కరిచిన కొడుకుని చేతులమీద మోసుకుని కాటికి వెళ్ళింది ఆవిడ. మరి సత్యసంధుడనే పేరు ఎవరికొచ్చింది? కాటిసీనులో మన వినుకొండ జాషువాగారి పద్యాలు కూడా కలిపి పాడతారు. అవీ హరిశ్చంద్రుడికే. చంద్రమతికి మిగిలింది ఏడుపు పద్యాలు.

జాషువాగారి మీదా, బలిజేపల్లివారి మీదా నాకు గౌరవం లేక కాదు సుమండీ. ఆ పద్యాలకి నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. నేనడిగేది ఒకటే. ఆ మాట ఇచ్చేటప్పుడు చంద్రమతిని ఎవరైనా అడిగారా?

"కన్యాశుల్కం" సంగతి చూడండి. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెడితే పిల్ల గొంతు కోసినట్టేనని ఆ ఇంట్లో మొదట గ్రహించిన మనిషి తల్లి వెంకమ్మ. తెలివైన మాట ఆవిడదే. కానీ ప్రాణం తీసుకుంటానని బెదిరించడం తప్ప ఆవిడ చేతిలో ఆయుధం లేదు. పెళ్ళి తప్పించే ఎత్తు వేసింది అన్నగారు కరటకశాస్త్రి. ఆలోచన అమ్మది, కార్యం మేనమామది! గురజాడవారు కల్పించి రాయలేదు, వున్నదే రాశారు. ఆ వున్నదాన్నే చూసి నవ్వుకుని ఇంటికొచ్చేశాం మనం.

మన పాత నాటకాల్లో డబ్బు లెక్క చూసుకునే తల్లి అసలు లేదా అంటే, ఒకావిడ వుంది. "చింతామణి"లో శ్రీహరి. చింతామణి తల్లి. ఆవిడ రాబడి చూస్తుంది, పోబడి చూస్తుంది, రేపటి సంగతి ఆలోచిస్తుంది. అందుకని ఆవిడ హాస్యపాత్ర అయింది, దురాశపరురాలు అయింది. ఆవిడ చేసేది మంచి వ్యాపారమని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ మన నాటకకర్తల లెక్క ఎలా వుందో గమనించారా? ఏడ్చే తల్లి దేవత. లెక్క అడిగే తల్లి రాక్షసి. మరి ఏ ఆడపిల్ల ధైర్యం చేసి లెక్క అడుగుతుంది?

పైగా చాలాకాలం ఆ ఏడుపులన్నీ ఏడ్చింది మగవాళ్ళే. చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, అమ్మంటే ఇలా వుండాలని మగవాళ్ళు ఆడి చూపిస్తే, చాపమీద కూర్చున్న అమ్మలు అది చూసి కళ్ళు తుడుచుకుని, ఇంటికెళ్ళి అలాగే వున్నారు.

సరే, నాటకాల గొడవ ఎందుకు, బతుకులో మన తల్లులకి తక్కువేముంది అంటారా? చెప్తాను.

మా అత్తవారిది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఒక నల్లరేగడి వూరు. పత్తీ, మిరపా. మా అత్తయ్య మూడో తరగతితో చదువు ఆపేసింది. వంటింటి గోడే ఆవిడ లెడ్జరు. పత్తి తీతకి ఎవరెన్ని రోజులొచ్చారు, పాలవాడు ఎన్ని శేర్లు తీసుకెళ్ళాడు, విత్తనాలకి ఎంతైంది, అన్నీ బొగ్గుగీతలు. మిరప కల్లంలో ఆ ఘాటుకి తుమ్ముతూ, మంటపుట్టే వేళ్ళకి ఆముదం రాసుకుంటూ, తాలుకాయలు ఏరేది ఆవిడే. టిక్కీలు గుంటూరు యార్డుకి బయలుదేరే రోజున మాత్రం తెల్లచొక్కా వేసుకుని లారీ ముందుసీట్లో కూర్చునేది మామయ్య. పట్టీ ఆయన పేర, పైకం ఆయన జేబులో.

1987 సంవత్సరం తెల్లదోమ మీకు గుర్తుండే వుంటుంది. గుర్తులేని చిన్నపిల్లలు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి చేలు నల్లగా మసిబారిపోయాయి. నేను అప్పుడు కొత్తకోడల్ని. అప్పట్లో కొత్తగా వచ్చిన ఘాటు మందులు, పైరిత్రాయిడ్లు అనేవారు, వారానికి రెండుసార్లు కొట్టేవారు. మా అత్తయ్య గట్టున నిలబడి చూసి, "కొట్టేకొద్దీ పెరుగుతా వుందయ్యా దోమ. ఇక ఆపండి" అంది. "ఆడదానివి, నీకేం తెలుసు" అని మామయ్య ఇంకో డబ్బా అరువు తెచ్చారు. ఆ మందులు దోమని తినే మంచి పురుగుల్ని చంపేయడం వల్లే దోమ అంతగా పెచ్చుపెరిగిందని తరవాత శాస్త్రజ్ఞులు కూడా తేల్చారు. మూడో తరగతి ఆవిడ గట్టుమీద నిలబడి చెప్పిన మాటే!

ఆ ఏడూ ఆ పై ఏడూ మన రెండు జిల్లాల్లో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. మామయ్య మాటా పలుకూ లేకుండా మంచానికి అతుక్కుపోయారు. ఒక కమీషన్ కొట్టు గుమాస్తా రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అత్తయ్య మిగిలిన మందుడబ్బాలన్నీ కొట్టుగదిలో పెట్టి తాళం వేసి, చెవి రొండిన దోపుకుంది. రాత్రి పడుకునేటప్పుడు కూడా తీసేది కాదు. తన నానుతాడు అమ్మింది. రెండు గేదెల్ని కొని, పాలు పోసి, మూడేళ్ళలో వడ్డీ, ఆరేళ్ళలో అసలూ తీర్చింది. కొన్నేళ్ళ తరవాత లిండా రబ్బరు గొట్టం కథ చదివినప్పుడు నాకు ఒక తేడా కనిపించింది. లిండా సాయంత్రానికి ఆ గొట్టం మళ్ళీ పెట్టేసింది. మా అత్తయ్య తాళంచెవి ఇవ్వలేదు. మొగుడు చిన్నబుచ్చుకున్నా ఫరవాలేదు, బతికివుంటే చాలనుకుంది.

మామయ్య మరో పదిహేనేళ్ళు నిక్షేపంగా బతికి, వయసుమీరి పోయారు. కర్మలయ్యాక పెద్దలు కూర్చుని భూమి కాగితం రాశారు. ముగ్గురు కొడుకులకి మూడు వాటాలు. చదివి వినిపించారు. "అత్తయ్య పేరేదీ?" అని నేను అడిగాను. "ఆవిడకెందుకమ్మా, కొడుకులున్నారుగా!" అన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొగుడి ఆస్తిలో భార్యకీ వాటా వుందని చెప్పాను. "కోర్టు మాటలు ఇంట్లో ఎందుకమ్మాయ్" అన్నారు. అత్తయ్య వేలిముద్ర వేసింది. ఆ పూట అందరూ ఆవిణ్ణి ఎంత పొగిడారో! ఈ ఇంటిని నిలబెట్టిన తల్లి అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నిలబెట్టిన ఇంట్లో ఆవిడకి ఒక దూలం కూడా లేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతైతే ఇన్ని కాగితాలు ఖరాబు చేయను. 1972లో వచ్చిన హైబ్రిడ్ పత్తికి "వరలక్ష్మి" అని పేరు పెట్టారు. విత్తనానికి ఆడపేరు, పాసుపుస్తకానికి మగపేరు! పత్తి తీసేది ఆడవాళ్ళు, మిరపకాయలు కోసేది ఆడవాళ్ళు, కలుపు తీసేది ఆడవాళ్ళు. రైతు అనగానే మాత్రం తలపాగా చుట్టుకున్న మగవాడి బొమ్మే వేస్తారు. ఆడవాళ్ళని అడిగితే, "నేనేం చెయ్యనండీ, ఇంట్లోనే వుంటాను" అని మనమే చెప్తాం.

రైతు ప్రాణం తీసుకున్నాక ప్రభుత్వం ఆ కుటుంబానికి డబ్బిస్తుంది. 2004లో 421వ నెంబరు జీవో వచ్చింది, లక్షన్నర రూపాయలు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 7 లక్షలన్నారు. మంచిదే, కాదనను. కానీ ఆ డబ్బు రావాలంటే పోయినవాడు రైతేనని, చేసిన అప్పు సేద్యపు అప్పేనని కాగితాలు చూపించాలి. కౌలుకి చేసినవాడి భార్య ఏ కాగితం చూపిస్తుంది? 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలన్నా భూమి ఆసామి సంతకం కావాలి. నోటిమాట మీద కౌలుకిచ్చే ఆసాములు మన దగ్గర ఎంతమంది సంతకం పెడతారో మీకు నేను చెప్పాలా? 2021లో మిరపతోటల్ని నల్ల తామరపురుగు ఊడ్చేసినప్పుడు, 2025లో మిరప ధర కిందపడినప్పుడు, ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు తాళంచెవులు రొండిన దోపుకున్నారో ఏ లెక్కలోనూ లేదు. మొగుడు బతికుండగా ఇంటి లెక్క మొత్తం ఆవిడ బుర్రలో వుండాలిట. పోయాక మాత్రం ఆ లెక్క చెల్లదుట.

దీనికి మనవాళ్ళు చెప్పే జవాబు నాకు తెలుసు. "పేరు ఎవరిదైతేనేం, తాళాలన్నీ ఆవిడ చేతిలోనేగా" అంటారు. అయ్యా, తాళంచెవి కావలివాడి దగ్గర కూడా వుంటుంది. పేరు ఎవరిదైనా ఒకటే అయితే, పోనీ ఆవిడ పేరే రాయండి. అప్పుడు తెలుస్తుంది ఒకటో కాదో.

ఇంకొందరు, "ఆడవాళ్ళ చేతికి డబ్బిస్తే కొడుకు చేతిలో పోసి పోగొడుతుంది" అంటారు. ఇక్కడే మన లీనా సంగతి మళ్ళీ చెప్పాలి. ఆవిడ సరిగ్గా అదే చేసింది. మిగిలిన 6,500 డాలర్లూ కొడుకు చేతికిచ్చింది. అందులో 3,000 చెల్లెలి చదువుకి దాచమంది. వాడు అంతా సారా దుకాణం పేరుచెప్పి ఒక మోసగాడి చేతిలో పోశాడు. లీనా తప్పు చేసింది, నిజమే. కానీ ఆవిడ దేవత కాదు కనక తప్పు చేయగలిగింది. మన మామగార్లు, మొగుళ్ళు ఎన్ని పంటలు పేకాటలో పోశారు, ఎన్ని ఎకరాలు మందుకొట్లకి రాసిచ్చారు? అందుకని మగవాళ్ళ పేర పాసుపుస్తకం వుండకూడదని ఎవరైనా చట్టం చేశారా? తప్పు చేయని దేవతకి గుడి కడతారు, పటం కడతారు. పొలం రాయరు. మనకి గుడి వద్దు.

లీనాకి కొడుకు సారా వ్యాపారం మొదటినుంచీ నచ్చలేదు. అలాంటి తల్లులు మనకీ వున్నారు. ప్రకాశానికి పక్కనే నెల్లూరు జిల్లా, దూబగుంట. 1992లో సారా మీద లేచిన ఆడవాళ్ళు త్యాగం చేయలేదు, తగాదా పెట్టుకున్నారు. చీపుళ్ళూ, కారప్పొడీ పట్టుకుని కొట్లముందు నిలబడ్డారు. సారా పాటలు ఆగిపోయాయి. ఇంటిని నిలబెట్టడమంటే నా దృష్టిలో అది. మొగుడి కూలి సారాకొట్టుకి పోతుంటే ఏడుస్తూ గంజి కాచిపోసే తల్లిని మెచ్చుకున్నన్నాళ్ళు ఆ కొట్టు ఒక్కనాడు మూతపడలేదు. కొట్టుముందు కెళ్ళి నిలబడితేనే మూతపడింది.

కాబట్టి పరిషత్తులకి నాటకాలు రాసే అన్నయ్యలకీ, తమ్ముళ్ళకీ నాదొక మనవి. కొంగు నోట్లో కుక్కుకుని తులసికోట చుట్టూ తిరిగే తల్లి పాత్రలు ఇక చాలు. వాటికి ఉత్తమ నటి బహుమతులూ చాలు. యార్డుకి తానే టిక్కీలు వేసుకెళ్ళి, తూకం దగ్గర దబాయించి, పట్టీ తన పేర రాయించుకునే తల్లిని ఒక్కదాన్ని రంగం మీదికి తీసుకురండి. ఆవిడ నస పెట్టనివ్వండి, కోప్పడనివ్వండి, ఒక్కోసారి తప్పు కూడా చేయనివ్వండి. అమెరికావాళ్ళు అమ్మని మనకంటే ఎక్కువ ప్రేమించారని నేననను. అమాండాని వదిలి కొడుకు కూడా వెళ్ళిపోయాడు, ఆ కథంతా మనకి చెప్పేది ఆ వెళ్ళిపోయిన కొడుకే. కానీ అమ్మ మనిషని, ఆవిడకి ఒక కోరిక, ఒక కోపం, ఒక చెక్కుపుస్తకం వుండొచ్చని మాత్రం వాళ్ళ నాటకాలు ఒప్పుకున్నాయి.

మనవాళ్ళు అదీ ఒప్పుకునేదాకా, అమ్మలకీ అత్తలకీ నేను చెప్పేది ఒక్కటే. ఈసారి ఎవరైనా మిమ్మల్ని "ఇల్లు నిలబెట్టిన తల్లి" అని సభలో శాలువా కప్పబోతే కప్పించుకోండి, కాదనకండి. మర్నాడు పొద్దున్నే ఆ శాలువా కప్పుకునే రెవెన్యూ ఆఫీసుకి వెళ్ళి, పొలం అడంగల్లో మీ పేరుందో లేదో చూసి రండి. లేకపోతే ఎందుకు లేదో ఆ పూట అన్నం వడ్డించే ముందు అడగండి. వడ్డించాక అడిగితే ఎవరూ వినరు.